సీ డ్రైవ్ కడుపులో ఇంకో డ్రైవ్

అమ్మా, మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, పొరపాటు పడితే దిద్దండి. మీరు బెంగళూరు కేఆర్ పురంలో ఇంట్లోనే పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెబుతారు. ఇంట్లో ఉన్నది ఒకటే డెస్క్‌టాప్. విండోస్ 11 హోమ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (లోపల తిరిగే పళ్ళెం లేని కొత్త రకం డిస్కు), అందులో సీ డ్రైవ్ తప్ప ఇంకోటి లేదు. మీ ప్రశ్నపత్రాలు, స్కాన్ చేసిన నోట్సు, ఫీజుల లెక్కలు ఒక పక్క, పీయూసీ చదివే మీ అబ్బాయి గేములు ఇంకో పక్క ఉండాలని మీ కోరిక. ఉన్న డ్రైవ్‌నే రెండు ముక్కలుగా విడగొట్టి పార్టిషన్ చేసుకోమని ఒకరు చెప్పారు. వర్చువల్ హార్డ్ డిస్క్ పెట్టుకుంటే జాగా కూడా పెరుగుతుందని ఇంకొకరు చెప్పారు. అది ఎలా చేయాలి, నిజంగా జాగా పెరుగుతుందా, పిల్లవాడి చేతికి అందకుండా ఉంటుందా అని మూడు ప్రశ్నలు అడిగారు.

రెండోదానితో మొదలుపెడతాను. మీకు ఆ మాట ఎవరు చెప్పారో గానీ, జాగా పెరగదు. ఒక్క ఎంబీ కూడా పెరగదు. వర్చువల్ హార్డ్ డిస్క్ అంటే చివరికి ఒక ఫైలు. పెద్ద ఫైలు, అంతే. మీ సీ డ్రైవ్‌లో ఒక మూల కూర్చుని ఉంటుంది. దాన్ని అటాచ్ చేసినప్పుడు విండోస్ ఆ ఫైలు లోపలి భాగాన్ని ఒక కొత్త డిస్కులాగా చూపిస్తుంది. దానికి వేరే అక్షరం వస్తుంది, ఫార్మాట్ చేయవచ్చు, ఫోల్డర్లు పెట్టుకోవచ్చు. కానీ అందులో మీరు పెట్టే ప్రతి కాగితమూ సీ డ్రైవ్ జాగానే తింటుంది. హాల్లో ప్లైవుడ్ చెక్క అడ్డం పెట్టి ఇంకో గది చేసుకున్నట్టు. గది ఒకటి ఎక్కువ కనిపిస్తుంది, ఇంటి కొలత మాత్రం అదే.

కొలత అన్నాను కాబట్టి ఇంకో మాట. 256 జీబీ అని డబ్బా మీద రాసి ఉంటే మీకు 238 మాత్రమే కనిపిస్తోందని, షాపువాడు మోసం చేశాడేమోనని రాశారు. పాపం, అతని తప్పేమీ లేదు. తయారుచేసేవాళ్ళు జీబీని వెయ్యి లెక్కన కొలుస్తారు, విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది. అందుకే 256 కాస్తా 238 అవుతుంది, 1 టీబీ డిస్కు 931 అవుతుంది. నేను ఇరవై ఏళ్ళకు పైగా ఇళ్ళకూ చిన్న ఆఫీసులకూ వెళ్ళి కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. ఈ ప్రశ్న అడగని ఇల్లు లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఫైలు చేసేటప్పుడు విండోస్ రెండు విషయాలు అడుగుతుంది. ఒకటి ఫార్మాట్: వీహెచ్‌డీనా, వీహెచ్‌డీఎక్స్‌నా. రెండోది రకం: ఫిక్స్‌డా, డైనమిక్‌గా పెరిగేదా. మొదటిది తేలికగా తేలిపోతుంది. వీహెచ్‌డీ పాతది. కనెక్టిక్స్ అనే కంపెనీ తన వర్చువల్ పీసీ సాఫ్ట్‌వేర్ కోసం చేసుకున్న పద్ధతి అది. 2003లో దాన్ని మైక్రోసాఫ్ట్ కొనేసింది. 2009లో విండోస్ 7 వచ్చాక, వేరే సాఫ్ట్‌వేర్ ఏమీ లేకుండానే విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్ అనే పనిముట్టులోంచే ఈ ఫైళ్ళు చేసుకునే వీలు వచ్చింది. వీహెచ్‌డీఎక్స్ 2012లో విండోస్ 8, సర్వర్ 2012లతో పాటు వచ్చింది. పాతది దాదాపు 2 టీబీ దాటదు, కొత్తది 64 టీబీ దాకా పోతుంది. మీకు ఆ లెక్కలతో పనిలేదు. మీకు పనికొచ్చే తేడా ఏమిటంటే, మధ్యలో కరెంటు పోతే కొత్త ఫార్మాట్ తన లోపలి పట్టికలను కాపాడుకుంటుంది. ఏ మార్పు చేయబోతున్నదో ముందు ఒక చిట్టాలో రాసుకుంటుంది, తిరిగి లేచినప్పుడు ఆ చిట్టా చూసి సర్దుకుంటుంది. అంటే ఫైలు మొత్తం పాడవదు. ఆ క్షణంలో మీరు సేవ్ చేస్తున్న వర్డ్ ఫైలు పోతే మాత్రం పోయినట్టే. వానాకాలం సాయంత్రాలు మన దగ్గర కరెంటు సంగతి మీకు చెప్పాలా? యూపీఎస్ లేకపోతే ఈ వర్చువల్ డిస్కు కన్నా ముందు అది కొనండి. ఫార్మాట్ మాత్రం వీహెచ్‌డీఎక్స్, రెండో ఆలోచన వద్దు.

ఫిక్స్‌డా, డైనమిక్కా అన్నదే అసలు చిక్కు. ఇక్కడ నా మాట విండోస్ మాటకు వ్యతిరేకంగా ఉంటుంది.

డైనమిక్ అంటే, మీరు 100 జీబీ అని చెప్పినా ఫైలు మొదట కొన్ని ఎంబీలే ఉంటుంది. మీరు నింపేకొద్దీ పెరుగుతుంది. ఫిక్స్‌డ్ అంటే 40 జీబీ చెబితే ఆ క్షణంలోనే 40 జీబీ తీసేసుకుంటుంది, లోపల ఏమీ లేకపోయినా సరే. వీహెచ్‌డీఎక్స్ ఎంచుకుంటే విండోస్ తెర మీద డైనమిక్ పక్కనే సిఫారసు అని రాసి ఉంటుంది. ఒకరే వాడుకునే కంప్యూటర్ అయితే నేనూ అదే చెబుతాను. మీ ఇంట్లో ఒకటే డ్రైవ్‌ను ఇద్దరు వాడుతున్నారు, అందులో ఒకరు గేములు ఎక్కించే కుర్రవాడు. అక్కడే తేడా వస్తుంది.

సంక్రాంతి ముందు రోజు మెజెస్టిక్ బస్టాండుకు ఎప్పుడైనా వెళ్ళారా? హిందూపురం బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసేవాళ్ళు ఉంటారు. ఫిక్స్‌డ్ డిస్కు అంటే ఆ తువ్వాలు. మనిషి ఎక్కకపోయినా సీటు అతనిదే. డైనమిక్ డిస్కు అంటే కండక్టరు ‘ఎక్కండి సార్, సీటు దొరుకుతుంది’ అనడం. బస్సు ఖాళీగా ఉంటే దొరుకుతుంది. మీ అబ్బాయి ఒక గేము ఎక్కిస్తే 80 జీబీ పోవచ్చు, ఇంకోటి ఎక్కిస్తే సీ డ్రైవ్ నిండిపోవచ్చు. అప్పుడు మీ డైనమిక్ డ్రైవ్ మాత్రం ఇంకా 90 జీబీ ఖాళీ ఉందనే చూపిస్తూ ఉంటుంది, ఎందుకంటే అది తన లోపలి లెక్కే చూస్తుంది, బయట సీ డ్రైవ్ నిండిపోయిందని దానికి తెలియదు. మీరు ఒక స్కాన్ ఫైలు సేవ్ చేయబోతారు. సేవ్ అవదు.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు, చేతులు కాల్చుకుని చెబుతున్నాను. విండోస్ 7 రోజుల్లో మా ఆవిడ తమ్ముడి పెళ్ళి వీడియోలు దాచడానికి మారతహళ్ళిలో వాళ్ళ ఇంట్లో నేనే ఒక డైనమిక్ వీహెచ్‌డీ చేసి పెట్టాను. 320 జీబీ హార్డ్ డిస్కు, అందులో ఖాళీ ఉన్నది 90 జీబీ. నేను మాత్రం దర్జాగా 200 జీబీ అని కొట్టాను. తర్వాత ఎలాగూ పెద్ద డిస్కు కొంటాడు కదా అనుకున్నాను. అతను కొనలేదు, వీడియోలు మాత్రం ఎక్కించుకుంటూ పోయాడు. ఒక రాత్రి సీ డ్రైవ్ పూర్తిగా నిండింది, కాపీ సగంలో ఆగింది, ఆ డ్రైవే మాయమైంది. మళ్ళీ అటాచ్ చేయబోతే ఫైలు పాడైపోయిందని వచ్చింది. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో రెండు రాత్రులు కూర్చుంటే తాళి కట్టడం దొరికింది, అప్పగింతలు పోయాయి. ఇప్పటికీ వాళ్ళింటికి వెళితే మా అత్తగారు కాఫీతో పాటు ఆ మాట కూడా పెడతారు.

అందుకని మీకు ఫిక్స్‌డ్ చెబుతున్నాను. సైజు ఎంత అంటే, మీ సీ డ్రైవ్‌లో 110 జీబీ ఖాళీ ఉందన్నారు. వర్డ్, పీడీఎఫ్ ఫైళ్ళకు 40 జీబీ అంటే ఎక్కువే. మిగిలిన 70 విండోస్ అప్‌డేట్లకూ మీవాడికీ వదిలేయండి. విండోస్ డ్రైవ్‌ను అంచుదాకా నింపితే కంప్యూటర్ నీరసపడుతుంది. చిన్న చిట్కా కూడా చెబుతాను: సరిగ్గా 40 పెట్టకండి, 41 పెట్టండి. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

ఫైలు ఎక్కడ పెట్టాలన్నది చేసేముందే తేల్చుకోవాలి. డెస్క్‌టాప్ మీద, డాక్యుమెంట్స్‌లో పెట్టకండి. విండోస్ 11లో చాలామందికి తెలియకుండానే ఆ రెండు ఫోల్డర్లూ వన్‌డ్రైవ్‌కు, అంటే మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఆన్‌లైన్ గోదాముకు, ముడిపడి ఉంటాయి. 41 జీబీ ఫైలును అది పైకి ఎక్కించాలని చూస్తుంది, ఉచితంగా ఇచ్చే 5 జీబీ సరిపోదు, రోజూ ఏదో ఒక హెచ్చరిక. పైగా అటాచ్ చేసి ఉన్నంతసేపూ ఫైలుకు తాళం పడి ఉంటుంది కాబట్టి అది సరిగా చదవలేదు కూడా. అలాగని నేరుగా సీ డ్రైవ్ మొదట్లో కొత్త ఫోల్డర్ చేసినా మీ పని జరగదు. అక్కడ చేసిన ఫోల్డర్‌లోకి, మీరు అనుమతులు మార్చకపోతే, కంప్యూటర్‌లో ఖాతా ఉన్న ఎవరైనా వెళ్ళి చెరపవచ్చు. సరైన చోటు ఏదంటే, సీ డ్రైవ్‌లో యూజర్స్ అనే ఫోల్డర్ లోపల మీ పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది. దాని లోపల, డాక్యుమెంట్స్‌కు బయట, కొత్తగా ‘డిస్క్’ అని ఒకటి చేసుకోండి. ఇంగ్లీషు అక్షరాల్లోనే పేరు పెట్టండి, మధ్యలో ఖాళీ లేకుండా. తెలుగు పేరు పెడితే నేరమేమీ కాదు గానీ, రేపు కమాండ్లు టైపు చేయాల్సి వస్తే మీకే తిప్పలు. ఆ ఫోల్డర్‌కు కంప్రెషన్ ఆన్ చేసి ఉండకూడదు. జాగా కలిసొస్తుందని కొందరు చేస్తుంటారు, కంప్రెస్ అయిన ఫైలును విండోస్ డిస్కుగా అటాచ్ చేయదు.

ఇక చేద్దాం. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేస్తే వచ్చే జాబితాలో డిస్క్ మేనేజ్‌మెంట్ ఉంటుంది. తెరవగానే మీ అసలు డిస్కు డిస్క్ 0 అని కింద కనిపిస్తుంది. దాన్ని ముట్టుకోకండి. పైన యాక్షన్ మెనూలో క్రియేట్ వీహెచ్‌డీ నొక్కండి. బ్రౌజ్ నొక్కి ఇందాక చేసిన ఫోల్డర్ చూపించి, ఫైలుకు పేరు ఇవ్వండి. సైజు డబ్బా దగ్గర ఒక్క క్షణం ఆగండి. దాని పక్కన ఎంబీ అని ముందే ఎంచి ఉంటుంది. చాలామంది 41 అని కొట్టేసి ముందుకు పోతారు, 41 ఎంబీ డిస్కు తయారవుతుంది, రెండు ఫోటోలు పెట్టగానే నిండిపోయింది అని ఫోన్ చేస్తారు. జీబీకి మార్చండి. కింద వీహెచ్‌డీఎక్స్ ఎంచుకోండి. అది ఎంచుకోగానే రకం తనంతట తానే డైనమిక్‌కు మారవచ్చు, మళ్ళీ ఫిక్స్‌డ్‌కు తిప్పండి. ఓకే కొట్టాక కాస్త సమయం పడుతుంది, కింద కుడి మూలన ఆకుపచ్చ గీత నెమ్మదిగా పోతుంది. ఎస్‌ఎస్‌డీ కాబట్టి మీకు నిమిషాల్లో అయిపోతుంది. పాత హార్డ్ డిస్కుల మీద 100 జీబీ ఫిక్స్‌డ్ చేస్తే పావుగంటకు పైగా కూర్చోవాల్సి వచ్చేది.

అయ్యాక కింద కొత్త డిస్కు కనిపిస్తుంది. నల్లటి గీత, అన్‌అలొకేటెడ్ అన్న మాట, నాట్ ఇనీషియలైజ్డ్ అన్న ఎర్ర గుర్తు. ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. వరుసకు ఎడమ పక్కన డిస్క్ 1 అని రాసి ఉన్న బూడిదరంగు డబ్బా ఒకటి, కుడి పక్కన నల్ల గీత ఉన్న పొడవాటి డబ్బా ఇంకోటి. రెండింటి మీదా కుడి క్లిక్ చేస్తే వేర్వేరు మెనూలు వస్తాయి. ముందు ఎడమ డబ్బా మీద కుడి క్లిక్ చేసి ఇనీషియలైజ్ డిస్క్ ఎంచుకోవాలి. అడిగితే జీపీటీ ఎంచుకోండి, డిస్కు తన పార్టిషన్ల పట్టిక రాసుకునే కొత్త పద్ధతి అది. ఆ తర్వాతే కుడి డబ్బా మీద న్యూ సింపుల్ వాల్యూమ్ పనిచేస్తుంది. ముందే కుడి పక్క క్లిక్ చేసి, ఆ మాట మసగ్గా ఉంది, నొక్కితే రావడం లేదు అని గాబరా పడేవాళ్ళను చాలామందిని చూశాను.

ఇనీషియలైజ్ నొక్కేముందు ఆ డిస్కు సైజు చూడండి. 41 అని ఉందా? అందుకే 41 పెట్టమన్నది. మీ కంప్యూటర్‌కు అదే సమయంలో పెన్ డ్రైవ్, బయటి హార్డ్ డిస్కు తగిలించి ఉంటే వాటినీ డిస్క్ 1, డిస్క్ 2 అని చూపిస్తుంది. 32, 64 లాంటి మామూలు అంకెల మధ్య 41 కళ్ళకు కొడుతుంది. పైగా వర్చువల్ డిస్కు బొమ్మ లేత నీలంలో ఉంటుంది. తప్పు డిస్కును ఫార్మాట్ చేయడం కన్నా పెద్ద ప్రమాదం ఈ పని మొత్తంలో లేదు. నిజానికి పని మొదలుపెట్టేముందే పెన్ డ్రైవ్‌లు పీకేయండి, గొడవ ఉండదు.

న్యూ సింపుల్ వాల్యూమ్ నొక్కితే ఐదు తెరలు వస్తాయి. మొదటి నాలుగింటికీ నెక్స్ట్, చివరిదానికి ఫినిష్. అక్షరం అడిగినప్పుడు డీ, ఈ కాకుండా వెనకాల ఉన్న టీ ఇవ్వండి. ముందున్న అక్షరాలను పెన్ డ్రైవ్‌లు లాక్కుంటూ ఉంటాయి. ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్, పేరు ట్యూషన్, క్విక్ ఫార్మాట్ టిక్ అలాగే ఉంచండి. అయిపోయింది. దిస్ పీసీ తెరిస్తే సీ పక్కన టీ కనిపిస్తుంది. వేగంలో తేడా మీకు తెలియదు.

మర్నాడు పొద్దున కంప్యూటర్ ఆన్ చేస్తే టీ డ్రైవ్ కనిపించదు. టెన్షన్ పడకండి, పోలేదు. ఈ డిస్కు రీస్టార్ట్ తర్వాత తనంతట తాను అటాచ్ అవదు. ఆ ఫైలు ఉన్న ఫోల్డర్‌కు వెళ్ళి దాని మీద డబుల్ క్లిక్ చేస్తే వచ్చేస్తుంది. ఒకసారి వచ్చాక మళ్ళీ డబుల్ క్లిక్ చేస్తే మౌంట్ (అంటే అటాచ్) చేయలేకపోతున్నానని ఎర్రర్ చూపిస్తుంది. ముందే అటాచ్ అయి ఉందని దాని భావం, దిస్ పీసీలో చూడండి. పని అయ్యాక టీ మీద కుడి క్లిక్ చేసి ఇజెక్ట్ కొట్టండి. టాస్క్ షెడ్యూలర్‌తో పొద్దున్నే తనంతట తాను అటాచ్ అయ్యేలా చేయవచ్చు, చాలామంది అదే అడుగుతారు. మీకు మాత్రం వద్దంటాను. ఎందుకంటే మీ మూడో ప్రశ్న దానితోనే ముడిపడి ఉంది.

పిల్లవాడికి అందకుండా ఉంటుందా? ఉత్త వర్చువల్ డిస్కు అయితే ఉండదు. దానికి పాస్‌వర్డ్ లేదు, మీ ఖాతాలో కూర్చుని ఎవరు డబుల్ క్లిక్ చేసినా తెరుచుకునే తలుపు అది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. బీటీఎం లేఔట్‌లో ఒకరింట్లో జరిగింది. ఆయన తన లెక్కలన్నీ 60 జీబీ ఫైలులో పెట్టుకున్నాడు. ఇజెక్ట్ చేసి ఆఫీసుకు పోయాడు. వాళ్ళబ్బాయికి గేముకు జాగా చాలలేదు. ఏవి పెద్ద ఫైళ్ళో వెతికాడు, పేరు తెలియని 60 జీబీ ఫైలు ఒకటి కనిపించింది, డిలీట్ కొట్టాడు. రీసైకిల్ బిన్‌లో పట్టదు, శాశ్వతంగా తీసేయనా అని విండోస్ అడిగింది. ఎస్ కొట్టాడు. గేము ఎక్కింది. సాయంత్రం నన్ను పిలిచారు. ఎస్‌ఎస్‌డీలో చెరిపిన జాగాను డ్రైవే లోపల తుడిచేసుకుంటూ పోతుంది, హార్డ్ డిస్కులోలాగా వెనక్కి లాగడం దాదాపు కుదరని పని. నేను చేయగలిగింది ఏమీ లేక కాఫీ తాగి వచ్చాను. అటాచ్ అయి ఉన్నప్పుడు ఆ ఫైలును చెరపడానికి విండోస్ ఒప్పుకోదు. ఇజెక్ట్ చేసి ఉన్నప్పుడే అది అన్ని ఫైళ్ళలాగా ఒక ఫైలు.

కాబట్టి అసలు కాపలా ఈ డిస్కు కాదు, ఖాతాలు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌లోకి వెళ్ళి మీ అబ్బాయికి వేరే ఖాతా చేయండి. అది స్టాండర్డ్ ఖాతా అయి ఉండాలి, అడ్మినిస్ట్రేటర్ కాకూడదు. మీ ఖాతాకు మంచి పాస్‌వర్డ్ పెట్టండి, వాడి పుట్టినరోజు కాకుండా. అప్పుడు యూజర్స్ లోపల ఉన్న మీ ఫోల్డర్‌లోకి వాడు వెళ్ళలేడు, ఫైలును చూడలేడు, చెరపలేడు. ఎక్కడైనా దొరికినా, వీహెచ్‌డీ అటాచ్ చేయడానికి విండోస్ అడ్మిన్ అనుమతి అడుగుతుంది. మీరు చేయాల్సిందల్లా పని అయ్యాక ఇజెక్ట్ చేయడం. టీ డ్రైవ్ అటాచ్ అయి ఉండగా మీరు సైన్ అవుట్ చేసి లేచిపోతే, మీవాడు తన ఖాతాలోకి వచ్చినా అది కనిపిస్తూనే ఉంటుంది. షెడ్యూలర్ వద్దన్నది ఇందుకే.

ఇంతదాకా చదివి మీకు ఒక అనుమానం వచ్చి ఉండాలి. వేరే ఖాతా చేస్తే చాలు కదా, ఈ వర్చువల్ డిస్కు ఎందుకు అని. నిజమే. మీ అవసరంలో ముప్పావు వంతు ఖాతాతోనే తీరిపోతుంది, మామూలు ఫోల్డర్‌లో పెట్టుకున్నా వాడు తెరవలేడు. డిస్కు వల్ల మీకు మిగిలే లాభాలు రెండు. ఒకటి, తువ్వాలు వేసిన ఆ 41 జీబీ. గేములు ఎన్ని వచ్చినా మీ జాగా మీదే. రెండోది, మీ ట్యూషన్ మొత్తం ఒకే ఫైలు. కంప్యూటర్ మారిస్తే ఆ ఒక్క ఫైలు తీసుకెళ్ళి డబుల్ క్లిక్ చేస్తే సరి. వద్దనుకుంటే ఇజెక్ట్ చేసి ఫైలు చెరిపేస్తే జాగా సీ డ్రైవ్‌కు తిరిగి వచ్చేస్తుంది. పార్టిషన్‌తో ఇంత తేలిక కాదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే ష్రింక్ వాల్యూమ్‌తో సీ డ్రైవ్‌ను తగ్గించి ఇంకో పార్టిషన్ చేయవచ్చు, అది డేటా చెరపదు, మీరు భయపడినంత ప్రమాదమేమీ లేదు. కాకపోతే కదలని ఫైళ్ళు కొన్ని మధ్యలో అడ్డం కూర్చుని, 110 జీబీ ఖాళీ ఉన్నా 30 మాత్రమే తగ్గిస్తాను అనవచ్చు. వద్దనుకుని వెనక్కి కలపబోతే పార్టిషన్ల వరుస కుదరాలి. చేయగలిగితే చేయండి, నాకు అభ్యంతరం లేదు.

పాస్‌వర్డ్ కావాలనే పట్టుదల ఉంటే, అంటే ఫీజుల లెక్కలు కంప్యూటర్ రిపేరుకు ఇచ్చినప్పుడు కూడా ఎవరూ చూడకూడదు అనుకుంటే, విండోస్ ప్రో ఉన్నవాళ్ళు ఆ డ్రైవ్‌కు బిట్‌లాకర్ అనే విండోస్ తాళం పెట్టుకోవచ్చు. మీది హోమ్ కాబట్టి అది కుదరదు. వెరాక్రిప్ట్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అదీ ఇలాగే ఒక ఫైలును డిస్కులాగా చూపిస్తుంది, తెరవాలంటే పాస్‌వర్డ్ అడుగుతుంది. అది వాడితే ఈ వీహెచ్‌డీఎక్స్ అవసరమే లేదు. పాస్‌వర్డ్ మరిచిపోతే మాత్రం నేను కాదు కదా, ఎవరూ తెరవలేరు. కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. బీరువా తాళం ఎక్కడుందో మీకు తెలుసు కదా.

బ్యాకప్ గురించి మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను. వేరే అక్షరం, వేరే డ్రైవ్ కనిపిస్తుంటే మనసుకు ఇంకో కాపీ ఉన్నట్టు అనిపిస్తుంది. లేదు. ఎస్‌ఎస్‌డీ పోతే సీ పోతుంది, సీతో పాటు టీ పోతుంది. నెలకు ఒకసారి, పరీక్షల కాలంలో వారానికోసారి, ఇజెక్ట్ చేసి ఆ ఫైలును బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేయండి. 41 జీబీ మొత్తం పోతుంది, కాస్త సమయం పడుతుంది, ఫిక్స్‌డ్ వల్ల కలిగే నష్టం అదే. అంత ఓపిక లేకపోతే అటాచ్ చేసి లోపలి ఫోల్డర్లను మాత్రమే కాపీ చేసుకోండి. పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేస్తుంటే, జాగా ఉన్నా ఫైలు చాలా పెద్దది అని వస్తే ఆశ్చర్యపోకండి. చాలా పెన్ డ్రైవ్‌లు ఫ్యాట్ 32 ఫార్మాట్‌లో వస్తాయి, దాంట్లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. పెన్ డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌కు గానీ ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు గానీ మార్చుకుంటే సరిపోతుంది, మార్చేముందు అందులో ఉన్నవి తీసి పక్కన పెట్టుకోండి.

41 చాలకపోతే తర్వాత పెంచుకోవచ్చు. దానికి డిస్క్‌పార్ట్ అనే నల్ల తెర పని ఉంటుంది: ఇజెక్ట్ చేసి, ఫైలును ఎంచుకుని, ఎక్స్‌పాండ్ వీడిస్క్ అనే ఆదేశంతో కొత్త సైజు ఎంబీల్లో ఇచ్చి, మళ్ళీ అటాచ్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎక్స్‌టెండ్ వాల్యూమ్ చేయాలి. ఆ రోజు వచ్చినప్పుడు అడగండి, అప్పుడు చెబుతాను.

డైనమిక్ వాడేవాళ్ళకు ఒక మాట, ఈ ఊళ్ళో వాళ్ళు తక్కువేమీ కాదు. అందులో ఫైళ్ళు చెరిపినా బయటి ఫైలు చిన్నది కాదు. ఉబ్బినదాన్ని తగ్గించాలంటే చదవడానికి మాత్రమే అటాచ్ చేసి, డిస్క్‌పార్ట్‌లో కాంపాక్ట్ ఆదేశం ఇవ్వాలి. మా ఎదురింటి సాఫ్ట్‌వేర్ అబ్బాయి సీ డ్రైవ్ ఎందుకు నిండుతోందో అర్థం కావడం లేదని లాప్‌టాప్ తెచ్చాడు. వాళ్ళు విండోస్‌లో లైనక్స్ నడపడానికి వాడే డబ్ల్యూఎస్‌ఎల్ 2 ఉంది చూడండి, అది లైనక్స్ మొత్తాన్ని ఇలాంటి పెరిగే వీహెచ్‌డీఎక్స్ ఫైలులోనే పెడుతుంది. లోపల చెరిపేశాను సార్ అంటాడు. బయట ఫైలు 70 జీబీ. రోజంతా వర్చువల్ మెషీన్ల మీద పనిచేసే కుర్రవాడు, తన కంప్యూటర్‌లో ఒక వర్చువల్ డిస్కు ఉందని అతనికి తెలియదు.

ఇంకొక్కటి. వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో ఎవరైనా వీహెచ్‌డీ, ఐఎస్‌ఓ ఫైలు పంపిస్తే డబుల్ క్లిక్ చేయకండి. ఇప్పుడు మీకు అది తెరవడం వచ్చింది కాబట్టి చెబుతున్నాను. వైరస్ పంపేవాళ్ళు దాన్ని ఇలాంటి డిస్కు ఫైలు లోపల పెట్టి పంపడం మామూలే.

అన్నీ చదివాక మీకు నిజంగా కావలసింది జాగానే అని అనిపిస్తే, మీది డెస్క్‌టాప్ కాబట్టి క్యాబినెట్‌లో ఇంకో డ్రైవ్‌కు చోటు ఉంటుంది. ఆదివారం కాకుండా ఏ రోజైనా ఎస్పీ రోడ్డుకు వెళ్ళండి, రెండు మూడు షాపుల్లో ధర అడగండి, బిల్లు తీసుకోండి, వారంటీ ఎన్నేళ్ళో బిల్లు మీద రాయించుకోండి. అది తగిలించాక ఈ 41 జీబీ ఫైలును ఇజెక్ట్ చేసి కొత్త డ్రైవ్‌లోకి కట్ పేస్ట్ చేస్తే చాలు, లోపలివి ఏవీ కదలవు. కాకపోతే కొత్త డ్రైవ్‌లో మీరు పెట్టే ఫోల్డర్‌కు మీవాడి ఖాతా అనుమతి తీసేయడం మరిచిపోకండి, ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్‌లో ఉంటుంది. అక్కడ ఇరుక్కుంటే ఆ తెర ఫోటో తీసి పెట్టండి, చూసి చెబుతాను.